పైకప్పు లేని గది: చార్లెస్ కొరియా వ్యాసాలు, ఉత్తర తెలంగాణ ఇళ్లు

ఆర్కిటెక్టుల పుస్తకాల్లో చదవడానికి ఉండేది సాధారణంగా తక్కువ. పేజీ నిండా ఫొటోలు, మూలన నాలుగు వాక్యాలు. చార్లెస్ కొరియా వ్యాసాల సంపుటి ‘ఎ ప్లేస్ ఇన్ ద షేడ్’ (2010) ఆ కోవలోకి రాదు. 1985లో వచ్చిన ఆయన చిన్న పుస్తకం ‘ద న్యూ ల్యాండ్‌స్కేప్’, దానికి ముందూ వెనుకా దశాబ్దాల పాటు చేసిన ప్రసంగాలు, రాసిన వ్యాసాలు ఇందులో ఒకచోట చేరాయి. వాక్యాలు పొట్టిగా ఉంటాయి. సభలో మాట్లాడే మనిషి గొంతు వినిపిస్తుంది. చెప్పిన ఉదాహరణే మళ్లీ చెప్పడం కూడా ఆ అలవాటులో భాగమే. ఆగ్రా కోట, చెట్టు కింద గురువు, ముంబై పేవ్‌మెంట్లు ఎన్నిసార్లు వస్తాయో లెక్కపెట్టడం మొదలుపెడితే పాఠకుడికి కొంత విసుగు తప్పదు.

కొరియా 1930లో సికింద్రాబాద్‌లో పుట్టారు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో, ఎంఐటీలో చదివి, 1958 నుంచి బొంబాయిలో సొంతంగా పని చేశారు. 2015లో చనిపోయారు. తెలంగాణలో ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్) పరిపాలనా భవనం. 1960ల చివర్లో పూర్తయిన ఆ కట్టడంలో ఎండను అడ్డుకునే పని యంత్రాలకు కాక, భవనం ఆకారానికే అప్పగించారు. వ్యాసాల్లోని ఉదాహరణలు మాత్రం ఎక్కువగా ముంబై, అహ్మదాబాద్, జైపూర్ చుట్టూ తిరుగుతాయి.

అయినా ఈ వ్యాసాలను వరంగల్, కరీంనగర్, జగిత్యాల ఇళ్ల పక్కన పెట్టి చదవడానికి గట్టి కారణం ఉంది. కొరియాను ఆకాశం గురించి, మండలాల (విశ్వానికి నమూనాగా గీసే గళ్ల చిత్రాల) గురించి, పవిత్ర స్థలాల గురించి రాసిన కవితాత్మక రచయితగా చూసేవారే ఎక్కువ. పుస్తకంలో బలం ఉన్నది మాత్రం లెక్కలు వేసిన పేజీల్లో.

ఆ లెక్క ఇది. గది కట్టాలంటే నాలుగు గోడలు, పైకప్పు, తలుపులు, కిటికీలు కావాలి. వాకిలికి నేల ఉంటే చాలు, మహా అయితే ఓ ప్రహరీ. గది ఏడాదంతా పనికొస్తుంది. వాకిలి వాన కురిసేటప్పుడు, మిట్టమధ్యాహ్నం ఎండలో తప్ప మిగతా వేళల్లో పనికొస్తుంది. ఖర్చునూ వాడకాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే పేద కుటుంబానికి ఎక్కువ గిట్టుబాటయ్యేది ఆకాశం కింది జాగాయే. కానీ దానికి నేల కావాలి. ప్రతి ఇంటికీ అంత నేల ఇస్తే ఊరు పరుచుకుంటుంది. రోడ్లు, నీటి పైపులు, బస్సుల ఖర్చు పెరుగుతుంది. ఈ రెండు ఖర్చుల మధ్య ఎక్కడ ఆగాలో తేల్చుకోవడమే గృహనిర్మాణంలో అసలు ప్రశ్న అంటారు కొరియా. ఆ ఆకాశం కింది జాగాను ఆయన నాలుగు మెట్లుగా విడదీస్తారు. కుటుంబానికి మాత్రమే చెందిన వాకిలి, గడప ముందు పొరుగువారితో మాట్లాడే చోటు, వాడలో నీళ్లు పట్టుకునే దగ్గర పదిమంది కలిసే చోటు, ఊరందరి మైదానం. వీటిలో ఒకటి తగ్గితే మరొకటి పెరిగి ఆ లోటు తీర్చాలి. అన్నీ ఒకేసారి తగ్గిపోతే వచ్చేది మురికివాడ.

వాతావరణం మీద ఆయన రాసిన పేజీల్లో ఆగ్రా కోట వర్ణన అన్నింటికన్నా బాగుంటుంది. వేసవిలో తెల్లవారగానే లోపలి వాకిళ్ల మీద మఖ్మల్ షామియానా పరిచేవారట. రాత్రి చేరిన చల్లగాలి కింది గదుల్లోనే నిలిచేది, చక్రవర్తి పగలంతా అక్కడే గడిపేవాడు. సాయంత్రం షామియానా తీసేసి పైనున్న తోటల్లోకి, మంటపాల్లోకి వెళ్లేవాడు. చలికాలంలో ఇదంతా తలకిందులు. మనిషి ఒకే గదిలో కూర్చుని గదిని చల్లబరచుకోవడం కాదు, వేళను బట్టి మనిషే ఇంట్లో చోటు మారడం ఇందులోని కిటుకు. 1961–62లో అహ్మదాబాద్‌లో కట్టిన ట్యూబ్ హౌస్‌లో, ఆ తర్వాత అదే ఊళ్లోని పారేఖ్ ఇంట్లో కొరియా ఈ సూత్రాన్నే సామాన్యుల కొలతలకు, మధ్యతరగతి కొలతలకు కుదించే ప్రయత్నం చేశారు. పారేఖ్ ఇంట్లోనైతే వేసవికి ఒక భాగం, చలికాలానికి, సాయంత్రాలకు ఒక భాగం వేర్వేరుగా ఉంటాయి.

ఉత్తర తెలంగాణలో పాత భవంతి ఇల్లు ఈ పని చక్రవర్తి అవసరం లేకుండానే చేసింది. నడుమ ఆకాశం కనిపించే ఖాళీ, దాని చుట్టూ వాలుగా దిగే గూన పెంకుల కప్పు, ఆ కప్పు నీడలో నడిచే చోటు, వెనుక మందపాటి మట్టిగోడల అర్రలు. పొద్దున అరుగు మీద, మధ్యాహ్నం చీకటి అర్రలో, సాయంత్రం వాకిట్లో, రాత్రి మంచాలు బయట. ఏప్రిల్, మే నెలల్లో రామగుండం, కరీంనగర్ వైపు ఉష్ణోగ్రత 45 డిగ్రీల దగ్గరికి చేరే రోజులు ప్రతి ఏటా ఉంటాయి. గాలిలో తేమ తక్కువ కాబట్టి చీకటి పడ్డాక నేల త్వరగా వేడిని వదులుతుంది. ఆకాశం కింది జాగాకు ఇంతకన్నా అనువైన వాతావరణం అరుదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా మాత్రం కథ వేరు. ముసురు పట్టిన రోజుల్లో నడిమి ఖాళీ తడి తప్ప మరేమీ ఇవ్వదు. కొరియా లెక్కలో ఇదీ ఉంది. ఆయన చెప్పింది వాకిలి గదికి బదులు అని కాదు, గదితో పాటు లెక్కపెట్టాల్సినది అని.

అక్కడ సాగే పనిని కలిపితే ఈ లెక్క మరింత పదునెక్కుతుంది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఆడవాళ్లు చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుట్టేది అరుగుల మీదే. వెలుతురు కావాలి, గాలి కావాలి, తోడుగా మాట్లాడేవాళ్లు కావాలి. మూసిన గదిలో తంబాకు ధూళి మధ్య ఆ పని చేయడం ఊపిరితిత్తులకు శిక్ష. జంపఖానాలకు పేరున్న వరంగల్ కొత్తవాడలో నేతపని ఇంటిని, వీధిని వేరుగా చూడలేదు. పడుగు, అంటే మగ్గం మీది నిలువు దారాలు, చాపాలంటే పొడవైన ఖాళీ కావాలి, అది ఏ పడక గదిలోనూ దొరకదు. పేదవాడి ఇల్లు పడుకునే చోటు మాత్రమే కాదు, సంపాదించే చోటు కూడా. కొరియా ఈ మాటను ముంబై ఉదాహరణలతో పదేపదే అంటారు. 1968లో అక్కడి ఒక వీధికి ఆయన వేసిన ప్రతిపాదనలో పగలు చిరువ్యాపారులు సరుకు పెట్టుకోవడానికి, రాత్రి నీళ్లతో కడిగి మనుషులు పడుకోవడానికి పనికొచ్చే ఎత్తైన అరుగు ఉంటుంది. ఒకే చోటు రెండు పూటలు రెండు పనులు చేస్తుంది. ఇది కరుణ నుంచి వచ్చిన ఆలోచనలా కనిపిస్తుంది గానీ, అంతకన్నా ఎక్కువగా పొదుపు నుంచి వచ్చింది.

ఈ దృష్టితో ప్రభుత్వ ఇళ్ల పథకాలను చూస్తే ఒక కొలమానం ఎదురవుతుంది. 2015లో మొదలైన రెండు పడక గదుల ఇళ్లకు నిర్ణయించిన విస్తీర్ణం 560 చదరపు అడుగులు. రెండు పడక గదులు, హాలు, వంటగది, రెండు మరుగుదొడ్లు. పట్టణాల్లో ఇవి చాలాచోట్ల జీ ప్లస్ 3 (నేల అంతస్తు, దాని మీద మరో మూడు) బ్లాకులుగా లేచాయి. ఒక్క గది ఇంట్లో మూడు తరాలు పడుకున్న కుటుంబాలకు ఇది చిన్న మార్పు కాదు. ముఖ్యంగా ఆడవాళ్లకు ఇంట్లోనే మరుగుదొడ్డి, తలుపు వేసుకోగల గది దొరికాయి. దీన్ని తేలిగ్గా కొట్టిపారేసే విమర్శకు విలువ లేదు. కానీ కొలిచినదల్లా కప్పు కింది జాగానే. మూడో అంతస్తులో ఉన్న కుటుంబానికి అరుగు లేదు, వాకిలి లేదు, మెట్ల మలుపు ఉంది. బీడీల చాట అక్కడికి చేరుతుంది, లేదా పని మానేయాల్సి వస్తుంది. చదరపు అడుగుల్లో ఇల్లు పెరిగింది, కొరియా లెక్క ప్రకారం చూస్తే కొన్ని కుటుంబాలకు ఇల్లు తగ్గింది.

2024లో వచ్చిన ఇందిరమ్మ ఇళ్ల పథకం దారి వేరు. సొంత స్థలం ఉన్నవారికి 5 లక్షల రూపాయలు, ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకుండా, 600 దాటకుండా. డబ్బు నాలుగు దఫాలుగా వస్తుంది. పునాది పూర్తయితే లక్ష, గోడలు లేస్తే 1.25 లక్షలు, స్లాబ్ పడితే 1.75 లక్షలు, అంతా పూర్తయితే మిగిలిన లక్ష. మేస్త్రీని పిలుచుకునేది, గదులు ఎటు పెట్టాలో చెప్పేది కుటుంబమే. కొరియా కోరుకున్న దానికి ఇది దగ్గరగా ఉంది. కాకపోతే ఆయన వ్యాసాల్లో దఫాలుగా పెరిగే ఇల్లంటే ఏళ్ల తరబడి, కొడుకు పెళ్లికి ఒక గది, కూతురు కాన్పుకు ఒక గది చొప్పున పెరిగే ఇల్లు. ఇక్కడ దఫాలు కొన్ని నెలల్లో ముగిసిపోయే ఒకే ఇంటివి. పైగా పెద్ద మొత్తం స్లాబుతో ముడిపడి ఉంది కాబట్టి, పెంకుల ఇల్లు కట్టాలన్న ఆలోచన లెక్కల పుస్తకంలోనే ఆగిపోతుంది.

అయితే స్లాబును జనం మీద ఎవరో రుద్దారనుకోవడం కూడా సరికాదు. కొరియా రచనల్లో తక్కువగా కనిపించేది ఇదే. పెంకుటింటి గృహిణి స్లాబు ఎందుకు కోరుకుంటుందో ఆయన పూర్తిగా పట్టించుకోలేదు. గూన పెంకులు ప్రతి ఏటా వానాకాలానికి ముందు సర్దాలి. సర్దేవాళ్లు ఇప్పుడు దొరకరు. వాసాలకు చెదలు. వీటన్నిటికీ తోడు కోతులు. అడవులు తగ్గి, గుట్టలు క్వారీలుగా మారిన ప్రాంతంలో కోతుల మందలు ఊళ్ల మీద పడ్డాయి. ఒక్క మంద ఒక్క పూట తిరిగితే కప్పు మీద పెంకు మిగలదు. భవంతి నడుమ ఆకాశం కనిపించేది మనుషులకే కాదు, వాటికీ కనిపిస్తుంది. అందుకే మిగిలిన పాత ఇళ్లలో చాలావాటికి నడిమి ఖాళీ మీద ఇనుప జాలీ పడింది. దోమలది మరో బాధ. ఆకాశపు దీవెనల గురించి ఎంత అందంగా రాసినా, రాత్రి తొమ్మిదింటికి వాకిట్లో కూర్చున్న మనిషిని దోమ కుట్టడం మానదు. ముంబై ఆర్కిటెక్టు దృష్టికి కోతి రాకపోవడం పెద్ద తప్పేమీ కాదు గానీ, ఆయన మాటలను ఇక్కడ యథాతథంగా అమలు చేద్దామనుకునేవారు ముందుగా కొనవలసింది జాలీ.

స్లాబుకు మరో ముఖం ఉంది. పగలంతా ఎండను తాగిన కాంక్రీటు రాత్రి ఆ వేడిని కిందికి దింపుతుంది. సాయంత్రాలు డాబా మీద నీళ్లు చల్లడం, సున్నం పూయడం ఆ బాధకు విరుగుళ్లే. రాష్ట్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం, అంటే ఎండను తిప్పికొట్టే పూతల్నీ పలకల్నీ ప్రోత్సహించే విధానం, ఈ సమస్యను గుర్తించింది. మంచిదే. కానీ అది కప్పుకు చికిత్స. మనిషి వేళను బట్టి చోటు మారే వీలు ఇంట్లో ఉందా లేదా అన్నది ఏ విధానమూ అడగడం లేదు.

సొంతంగా కట్టుకునే మధ్యతరగతి ఇళ్లలో తప్పు మరోచోట జరుగుతోంది. నిబంధనల ప్రకారం స్థలం చుట్టూ ఖాళీ వదలాలి. హనుమకొండ, కాజీపేట కొత్త కాలనీల్లో ఆ ఖాళీ ఇంటి చుట్టూ మూడు, నాలుగు అడుగుల పట్టీలుగా మిగులుతుంది. అక్కడ ఏసీ డబ్బాలు, డ్రైనేజీ పైపులు, పాత సామాన్లు. నాలుగు పట్టీలనూ కలిపి ఒకచోట చేరిస్తే మంచాలు వేసుకోగలిగిన వాకిలి వస్తుంది. ఖాళీ ఎంత వదలాలో చెప్పే నిబంధన, ఆ ఖాళీ ఎవరికి ఎందుకు పనికొస్తుందో చెప్పదు. అగ్నిమాపకానికి, పొరుగింటి వెలుతురుకు కొంత దూరం అవసరమే. చిన్న స్థలాల్లో అది ఎంత అవసరమన్నది మాత్రం తిరిగి లెక్కించదగిన విషయం.

పవిత్ర స్థలాల మీద ఆయన వ్యాసాలు మొదటి చూపుకు మబ్బుల్లో తేలుతున్నట్టు ఉంటాయి. మండలం, విశ్వ నమూనా, నడిచి చేరుకునే దారి, ఆకాశం. జైపూర్‌లోని జవహర్ కళా కేంద్రాన్ని తొమ్మిది గళ్ల మండలంగా వేసి, ఒక గడిని పక్కకు జరిపిన పని వెనుక ఉన్నది ఈ ఆలోచనే. వరంగల్ పాఠకుడికి మాత్రం ఇది మబ్బు కాదు. వరంగల్ కోటలో స్వయంభూ దేవాలయం చుట్టూ నాలుగు దిక్కుల్లో నాలుగు కీర్తి తోరణాలు, వాటి వెలుపల వలయాలుగా కోట గోడలు. నగరం మొత్తాన్ని విశ్వానికి నమూనాగా గీసిన ఆ ప్రణాళిక ఇప్పటికీ నేల మీద కనిపిస్తుంది. మేడారం ఇంకా సూటిగా చెబుతుంది. రెండేళ్లకోసారి లక్షలాది మంది చేరే జాతరకు కేంద్రం గోపురమో గర్భగుడో కాదు, ఆకాశం కింద ఉన్న గద్దెలు. జంపన్నవాగులో స్నానం, నడక, గద్దె, చెట్టు నీడన బస. బతుకమ్మ రోజుల్లో పద్మాక్షి గుట్ట దగ్గర వేలమంది ఆడవాళ్లకు కావలసింది చదునైన నేల, దగ్గరలో నీళ్లు, అంతే. భారతదేశంలో చదువుకు గుర్తు బడి భవనం కాదు, చెట్టు కింద గురువు అని కొరియా అన్నప్పుడు చెప్పదలచినది ఇదే తరహా విషయం. ఇక్కడ ఆయన వాదానికి కొత్త సాక్ష్యం దొరుకుతుంది గానీ, హెచ్చరిక కూడా దొరుకుతుంది. ఇలాంటి చోట్లకు కాగితం మీద విలువ లేదు. కప్పు లేదు కాబట్టి కట్టడం కాదు, కట్టడం కాదు కాబట్టి ఖాళీ, ఖాళీ కాబట్టి ఎవరైనా ఆక్రమించవచ్చు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో వరంగల్ కాలనీలు మునిగినప్పుడు, చెరువుల శిఖం భూముల్లో (నిండినప్పుడు నీరు నిలిచే నేలల్లో), నాలాల మీద వెలసిన ఇళ్ల గురించి చర్చ వచ్చింది. ఆ నేలను ఖాళీగా లెక్కవేసిన అలవాటే ఆ ముంపుకు ఒక కారణం.

ఇళ్లకు ఎత్తైన భవనాలు వద్దన్న కొరియా వాదం చాలామందికి నచ్చదు, కానీ కొట్టేయడం కష్టం. నగరంలో ఇళ్లకు పోయే నేల మొత్తంలో సుమారు మూడో వంతు. మిగతాది రోడ్లు, బడులు, పనిచేసే చోట్లు, మైదానాలు. ఇళ్ల ఎత్తు రెట్టింపు చేసినా తగ్గేది ఆ మూడో వంతులో సగమే. జనం పెరిగితే బడులు, మైదానాలు ఇంకా కావాలి కాబట్టి అదీ పూర్తిగా దక్కదు. మరోవైపు లిఫ్టు, పిల్లర్లు, ఇనుముతో అడుగు ఖర్చు పెరుగుతుంది. ఇంత చక్కగా వాదించిన మనిషే ముంబైలో 28 అంతస్తుల కాంచన్‌జంగా కట్టారు. అందులో ఉన్నవి 32 విలాసవంతమైన ఫ్లాట్లు. రెండేసి అంతస్తుల ఎత్తున తోట వరండాలు పెట్టి, బంగళా వాకిలిని ఆకాశంలోకి తీసుకెళ్లారని మెచ్చుకుంటారు. అది నిజమే. ధనవంతుడికి పైన కూడా వాకిలి దొరికింది, అంతే. వ్యాసాల్లో ఈ వైరుధ్యాన్ని ఆయన గట్టిగా ఎదుర్కోలేదు.

1985లో ఏర్పడిన జాతీయ పట్టణీకరణ కమిషన్‌కు కొరియా అధ్యక్షులు. 1988లో ఇచ్చిన నివేదిక మహానగరాల భారాన్ని మోయగల 329 పట్టణాలను గుర్తించింది. పెద్ద నగరాన్ని బాగుచేయాలంటే మధ్యస్థాయి ఊళ్లలో పని పుట్టించాలన్నది దాని సారం. హైదరాబాద్ ఒక్కటే అన్నింటినీ లాక్కుంటున్న రాష్ట్రంలో వరంగల్ గురించి ఇప్పుడు జరిగే ప్రతి చర్చా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. ఇక నవీ ముంబై అనుభవం మీద ఆయన రాసిన పేజీల్లో చేదు దాగదు. 1960ల్లో ఆర్కిటెక్టు ప్రవీణా మెహతా, ఇంజినీరు శిరీష్ పటేల్‌తో కలిసి ప్రతిపాదించిన ఆ నగరాన్ని ప్రభుత్వం చేపట్టింది, నేల సేకరించింది. సచివాలయాన్ని మాత్రం అక్కడికి మార్చలేదు.

ఆ నవీ ముంబైలోనే, బేలాపూర్‌లో, 1983–86 మధ్య కట్టిన కాలనీ ఆయన రాతలకు అసలు పరీక్ష. చిన్న స్థలాలు సుమారు 45 చదరపు మీటర్లు, అంటే ఇక్కడి లెక్కలో 54 గజాలు. ఆదాయాల్లో ఎంతో తేడా ఉన్న కుటుంబాలకు స్థలాల కొలతల్లో తేడా తక్కువ. ఏడు ఇళ్లకు మధ్య 8 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పున్న ఉమ్మడి వాకిలి. అలాంటి మూడు గుంపులు కలిసి మరో పెద్ద వాకిలి చుట్టూ. పక్కింటితో గోడ పంచుకోకపోవడం వల్ల ఎవరి ఇల్లు వారు పెంచుకోవచ్చు. ఆ తర్వాత జరిగింది ఆర్కిటెక్చర్ విద్యార్థులను నిరాశపరుస్తుంది. మొదటి పెంకుటిళ్లలో చాలావాటిని యజమానులు పడగొట్టి కాంక్రీటు అంతస్తులు కట్టుకున్నారు. ఉమ్మడి వాకిళ్లు మాత్రం మిగిలాయి.

అంటే వరంగల్‌కు పనికొచ్చేది ఆయన గీసిన ఇల్లు కాదు, నేలను పంచిన తీరు. ఇది ఇల్లు కట్టేటప్పుడు కాదు, లేఅవుట్ వేసేటప్పుడు తేలే విషయం. లేఅవుట్లలో పది శాతం ఖాళీగా వదలాలన్న నిబంధన ఉంది. ఆ పది శాతం సాధారణంగా ఎవరూ కొనని వంకర మూలలో తేలుతుంది. 8 మీటర్ల వాకిలి అంటే 76 గజాలు. 54 గజాల స్థలాలు ఏడింటికి ఇది బరువే, స్థలాల విస్తీర్ణంలో ఐదో వంతు. కానీ ఇక్కడ మామూలుగా అమ్ముడయ్యే 150 గజాల ప్లాట్లు ఏడు తీసుకుంటే మొత్తం 1,050 గజాలు, అందులో వాకిలి ఏడు శాతం చిల్లర. మూలన పడేసే నేలలో ఎక్కువ భాగాన్ని ఇళ్ల నడుమకు తెస్తే సరిపోతుంది. చిక్కు కొలతలో లేదు, యాజమాన్యంలో ఉంది. లేఅవుట్ ఖాళీ స్థలాలు స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ చేస్తారు. 76 గజాల ముక్కలను వందల సంఖ్యలో మున్సిపాలిటీ చూసుకోలేదు. వాటిని ఏడు ఇళ్ల పేర విడదీయలేని ఉమ్మడి ఆస్తిగా రిజిస్టరు చేయించాలి, ఆ దస్తావేజులో మొదటి షరతుగా అక్కడ కారు నిలపకూడదని రాయించాలి.